‘మనం’కీ ‘మేము’కీ మధ్య

తెలుగులో రెండు మాటలున్నాయి. మనం, మేము. రెండూ బహువచనాలే. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం. బయట ఉంచితే మేము. ఉర్దూలో ఈ తేడా లేదు. అక్కడ రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. మాలో ఇంట్లో తురకం మాట్లాడేవాళ్ళం ఉన్నాం, తెలుగు తప్ప మరో ముక్క రాని దూదేకులవాళ్ళమూ ఉన్నాం. ఇంట్లో ఏ భాష పలికినా ఈ తేడా మాత్రం మాకందరికీ ఒకేలా తెలుసు. తెలుగు మాస్టారు చెబితే తెలిసింది కాదు. పద్నాలుగో ఏటో పదిహేనో ఏటో, అప్పటిదాకా మాతో కలిసి ‘మనం’ అన్న స్నేహితుడు మమ్మల్ని బయట ఉంచి ‘మేము’ అన్న రోజున తెలిసింది.

ఆ రోజుతో మా బాల్యం అయిపోయింది. దాని తర్వాత ఏం మొదలైందన్నదే మేం అడగదలచిన ప్రశ్న. అందరి పిల్లలకీ బాల్యానికీ పెద్దరికానికీ మధ్య ఒక వయసుంటుంది. తనెవరో తనకే తెలియని వయసు. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడే వయసు. నాన్న మాట తప్పనిపించే వయసు. ఆ వయసు మా పిల్లలకు దక్కుతోందా? దక్కకపోతే దాన్ని తీసుకుపోయింది ఎవరు? బయటివాళ్ళేనా, మేమూనా?

కొల్లిపర నుంచి మొదలెడదాం. కృష్ణకి ఈ గట్టున, తెనాలికి దగ్గరలో ఉన్న ఊరు. నల్లనేల, లంక భూములు. పసుపు, అరటి, కంద, తమలపాకు తోటలు. పసుపు తవ్వే రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. కొమ్ములు ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి, మెరుగు పెట్టి, బస్తాలకెత్తి దుగ్గిరాల యార్డుకి తోలేదాకా ఏ ఇంటి పిల్లల చేతులు చూసినా పచ్చగానే ఉంటాయి. ఆ చేతులు చూసి ఎవరిది ఏ మతమో చెప్పలేరు. ఇలాంటి ఊళ్ళలో మా బాల్యం గడిచింది. కూలికి పోయినా కౌలు చేసినా ఆ కళ్ళంలోనే. పక్కింటి కాపుగారు మాకు బాబాయి. ఆయన భార్య పిన్ని. మా నాన్న వాళ్ళ పిల్లలకు సాయిబు మావయ్య.

పేర్లు కూడా అంతే. గుంటూరు కాలే మస్తాన్ దర్గాకి మొక్కుకుని బిడ్డను కన్నవాళ్ళు, వాళ్ళ కులమేదైనా, మస్తాన్‌రావు అనో మస్తానమ్మ అనో పెట్టుకున్నారు. నాగూరు దర్గాకి మొక్కినవాళ్ళు నాగూరయ్య అన్నారు. మా ఇళ్ళల్లో నాగుల్‌మీరా ఉన్నాడు. అందులో నాగులెంత, మీరా ఎంత అని ఎవరూ కొలవలేదు. పీర్ల పండక్కి గుండం చుట్టూ అందరూ నిలబడేవాళ్ళు. పీరు ఇంటి ముందుకొస్తే బిందెతో నీళ్ళు పోసే ఆడవాళ్ళల్లో మావాళ్ళకంటే మీవాళ్ళే ఎక్కువ. ‘మన పీర్లు’ అనేవాళ్ళు పిల్లలు. అది తప్పని అప్పటికి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అటువాళ్ళూ చెప్పలేదు, ఇటువాళ్ళూ చెప్పలేదు.

అది స్వర్గమని మేమనడం లేదు. ఆ రోజుల్లోనూ మా నాన్నకు గడప అవతలే పీట వేసిన ఇళ్ళున్నాయి. మాకు వేరే గ్లాసు పెట్టిన ఇళ్ళున్నాయి. కాకపోతే పసివాడికి గ్లాసు కనిపిస్తుంది గానీ దాని అర్థం కనిపించదు. అర్థం కనిపించేది పద్నాలుగో ఏట.

ఆ ఏట ఏం జరుగుతుందో మాలో ఎవర్నడిగినా చెబుతారు. రచ్చబండ దగ్గర టీవీలో మ్యాచ్ వస్తుంటుంది. పాకిస్తాన్ వాడు సిక్సర్ కొడతాడు. పక్కనున్నవాడు నవ్వుతూనే అంటాడు, “మీవోడు కొట్టాడ్రా” అని. అందరూ నవ్వుతారు. మనవాడూ నవ్వుతాడు. ఇంటికొచ్చాక నవ్వడు. ఆ నవ్విన కుర్రాడి ముందు ఆ రాత్రి రెండు దారులుంటాయి. రేపట్నించి అందరికంటే గట్టిగా అరిచి తన దేశాన్ని రుజువు చేసుకోవడం. లేదంటే, మీరన్నారుగా, అయితే అలాగే అనుకోండని మొండికెయ్యడం. రెండు దారులూ ఒకటే చోటికి పోతాయి. రెండింటిలోనూ వాడు ఎవరన్నది వేరేవాళ్ళే తేల్చారు. వాడు చెయ్యగలిగింది ఆ మాటను కాదనడమో, ఔననడమో. తనంతట తాను మొదలుపెట్టి చెప్పుకునే మాట వాడికి మిగల్లేదు.

దూదేకుల ఇంటి పిల్లవాడికి ఇంకో దెబ్బ కూడా ఉంది. తరగతిలో ఒకణ్ణొకడు తిట్టుకునే తిట్లలో వాడి కులం పేరు వినిపిస్తుంది. తిట్టినవాడికి ఆ మాట ఒక కులమని కూడా తెలియదు, ఏదో పనికిమాలినవాడని అర్థమనుకుంటాడు. దూది ఏకి పదిమందికి పరుపులు కుట్టిన తాత పనే మనవడి నెత్తిన తిట్టయి పడింది. పోనీ మసీదుకొస్తే ఊరటా? అక్కడ ఇంకొకరు అడుగుతారు, ఉర్దూ రాని సాయిబేమిటని. బయట పూర్తిగా తురకోడు, లోపల సగం తురకోడు. పదిహేనేళ్ళవాడికి ఈ లెక్క ఎలా తేలుతుంది?

ఆడపిల్ల సంగతి వేరు. ఆమెకు తెలుగు ఒక మాటిచ్చింది. పెద్దమనిషి అయింది అంటాం. ఊళ్ళో తగువు తీర్చేవాళ్ళనీ పెద్దమనుషులనే అంటాం. ఒకే మాట. ఆ పెద్దమనుషులు నోరు విప్పితే ఊరు వింటుంది. ఈ పెద్దమనిషి ఆ రోజు నుంచే నోరు మూసుకోవాలి. చాపమీద కూర్చోబెడతారు, స్నానం చేయిస్తారు, చిమ్మిలి పెడతారు. ఈ వేడుకలో మా ఇళ్ళకూ ఊరి ఇళ్ళకూ పెద్ద తేడా లేదు. తర్వాతొస్తుంది తేడా. బడి ఉంటుందా ఉండదా, తెనాలి కాలేజీకి బస్సెక్కనిస్తారా, ఎక్కితే ఏం వేసుకుని ఎక్కాలి అన్న మూడు ప్రశ్నలూ ఆమె తల మీదుగా పోతాయి. వసారాలో నాన్న, పెదనాన్న, మేనమామ కూర్చుని తేలుస్తారు. తలుపు చాటున నిలబడి ఆమె వింటుంది. ఒక్క పూటలో పెద్దమనిషి అయిన ఆమెను ఆ ఒక్క పూటైనా పెద్దమనిషిగా అడిగినవాళ్ళు లేరు.

అసలు మనిషి ఎప్పుడు పెద్దవాడవుతాడు? ఈ ప్రశ్నకు మా చుట్టూ ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. షరియత్ చెప్పేది బాలిగ్ అయినప్పుడు. ఒంట్లో గుర్తులు కనబడితే అప్పుడు, కనబడకపోతే పదిహేనేళ్ళకు అని ఎక్కువమంది ఉలమా చెబుతారు. ఆ రోజు నుంచి నమాజూ రోజా ఫర్జ్. చేసిన తప్పుకి తనే జవాబుదారీ. 1875 నాటి మెజారిటీ చట్టం పద్దెనిమిదేళ్ళంది. ఓటు ఇరవయ్యొకటికి ఉండేది, 61వ రాజ్యాంగ సవరణతో 1989లో పద్దెనిమిదికి వచ్చింది. ఉచిత చదువు హక్కు 2009 చట్టంలో పద్నాలుగేళ్ళ వరకే. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్ళకు వేరే పేరు పెట్టి, ప్రమాదకరమైన పనులు తప్ప మిగతావి చెయ్యొచ్చన్నారు. అంటే పద్నాలుగేళ్ళకు చదువు హక్కు అయిపోతుంది, పని హక్కు మొదలవుతుంది.

ఈ సందులోనే మా కుర్రాళ్ళు జారిపోతున్నారు. మెకానిక్ షెడ్డు, పంక్చర్ షాపు, వెల్డింగు, టైలరింగు, మటన్ కొట్టు. బ్యాగు దించిన వారానికే చేతికి గ్రీజు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది. ఆ లెక్క చదువు గురించి. దాని వెనక మరో లెక్క ఉంది. బడి అంటే పాఠాలొక్కటే కాదు. తప్పు చేసినా చెల్లే చోటు. ఈ ఏడు కవి అవుతానని, పై ఏడు పోలీసవుతానని అనగలిగిన చోటు. షెడ్డులో అది చెల్లదు. అక్కడ వాడు మొదటి రోజు నుంచీ మెకానిక్కే. వెతుక్కోవడానికి తీరిక కావాలి. తీరికకు ఇంట్లో బియ్యం ఉండాలి. ‘నేనెవర్ని’ అనే ప్రశ్నకు కూడా ఖర్చుందని మా పేటల్లోకొస్తే తెలుస్తుంది.

చదువు సాగినవాడికైనా మొదటిసారి తనెవరో కాగితం మీద రాయాల్సొచ్చేది పదో తరగతిలో. ఇంటిపేరు ఏమిటంటారు. షేక్ అంటాడు. అది ఇంటిపేరా అని వాడికే అనుమానం. ఊళ్ళో సగం మంది షేకులే. మాతృభాష గడి ఉంటుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు రాయాలా, రాని ఉర్దూ రాయాలా? ఆ తర్వాత కులం. ఇక్కడ ఒకే మసీదులో ఒకే వరసలో నిలబడ్డ ముగ్గురు కుర్రాళ్ళు మూడు గడుల్లోకి పోతారు. దూదేకుల, నూర్‌బాషా పిల్లవాడు బి.సి.-బి. షేక్ అయితే 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ, నాలుగు శాతం. దాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. సయ్యదో పఠానో అయితే ఓ.సి. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఓ.సి.

రిజర్వేషన్ మాకు కావాలి. దాని కోసం కొట్లాడాం, కొట్లాడతాం. ఆ గడి లేకపోతే ఇంజనీరింగు సీటు దాకా వెళ్ళని పిల్లలు మాలో ఎందరో. మేమనేది వేరు. ఆ గడి సర్కారుకి కావలసిన జవాబు. సీటు కోసం చెప్పాల్సిన జవాబు. ఆ కుర్రాడు తనకు తాను చెప్పుకోవలసిన జవాబు అది కాదు. కానీ అంతకుమించి అడిగినవాడు లేక, వాడు ఆ గడినే తననుకుంటాడు.

ఈ మధ్య వయసు గురించి ప్రపంచానికి చెప్పినవాళ్ళల్లో పెద్ద పేరు ఎరిక్ ఎరిక్సన్‌ది. 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి డెన్మార్క్ యూదురాలు. కన్నతండ్రి ఎవరో తెలియదు. యూదు వైద్యుడైన మారుటి తండ్రి పెంచాడు. పిల్లవాడు పొడుగు, తెల్లటి జుట్టు, నీలికళ్ళు. యూదుల ప్రార్థనా మందిరానికి పోతే నువ్వు మావాడివి కాదన్నారు. బడికి పోతే నువ్వు యూదువి అన్నారు. బయట ఒకటి, లోపల ఇంకొకటి. దూదేకుల కుర్రాడికి ఈ కథ కొత్తేమీ కాదు. చదువయ్యాక కొన్నేళ్ళు బొమ్మలేసుకుంటూ ఊళ్ళు తిరిగాడు. చివరికి అమెరికా చేరి, తన ఇంటిపేరు తనే పెట్టుకున్నాడు. గుర్తింపు సంక్షోభం అన్న మాటను లోకానికిచ్చింది ఈ మనిషే. మైనారిటీ పిల్లవాడి గాయం నుంచి పుట్టిన ఆలోచన అది.

ఈ వయసు పిల్లలకు సమాజం ఒక గడువివ్వాలన్నాడు ఆయన. ఆ గడువుకి మారటోరియం అని పేరు పెట్టాడు. కొల్లిపర రైతుకి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. వరదొచ్చి పంట పోయిన ఏడు, బాకీ వెంటనే కట్టక్కర్లేదు, కాస్త నిలదొక్కుకోమని బ్యాంకు ఇస్తుందే, అదే. బాకీ మాఫీ కాదది. ఊపిరి తీసుకోవడానికి వ్యవధి. నువ్వెవరివో చెప్పే బాకీ నీ మీద ఉంది, కానీ ఇవాళే తీర్చమనం అని పిల్లవాడితో అనడం. 1966లో జేమ్స్ మార్సియా అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పొడిగించాడు. వెతుకులాటే లేకుండా పెద్దలిచ్చింది పట్టుకుని ఆగిపోయే పిల్లలున్నారని చెప్పి, ఆ స్థితికి ఒక పేరు పెట్టాడు. ఇంగ్లీషులో అది తాకట్టు ఆస్తిని జప్తు చేసుకోవడానికి వాడే మాటే. మా పిల్లలకు గడువు దొరకలేదు. సరాసరి జప్తే.

జప్తు చేసింది బయటివాళ్ళే అని చెప్పి ఊరుకోవడం మాకు సులువు. 1992 డిసెంబర్ 6 తర్వాత మేం రాసిందంతా దాదాపు అదే. రాయాల్సిందే రాశాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ సంకలనం రాకపోతే ఈ నేల మీద మా నొప్పి ఎవరికీ వినిపించేది కాదు. మమ్మల్ని మేం మనుషులుగా చెప్పుకోవడానికి ‘మేము’ అనక తప్పలేదు. అయితే ఆ ‘మేము’ బలపడేకొద్దీ మా ఇళ్ళల్లో ఏం జరిగిందో కూడా రాయాలి.

గాయపడ్డ కుర్రాడు ఇంటికొచ్చి అడిగాడు. నాన్నా, మనం ఎవరం? నాన్న దగ్గర జవాబు లేదు. ఆయన ఆ ప్రశ్నను మసీదుకి పంపించాడు. అక్కడ జవాబు తయారుగా ఉంది. పీర్ల పండగ మనది కాదు. దర్గా మనది కాదు. తాత పాడిన తత్వాలు మనవి కాదు. నాగుల్‌మీరా పేరు బాగాలేదు, మార్చు. కుర్రాడు ఊరట పొందాడు, అందులో అనుమానం లేదు. ఊరంతా నువ్వు తక్కువ అన్నప్పుడు, కాదు, నువ్వు ఒక పెద్ద ఉమ్మత్‌లో భాగానివి అని ఎవరో చెయ్యేస్తే ఏ పదహారేళ్ళవాడు కాదంటాడు? ఆ చెయ్యి వేసినవాళ్ళను మేం తప్పు పట్టం. నమాజు నేర్పినందుకు, తాగుడు మాన్పించినందుకు దుఆ చేస్తాం. కానీ వాడడిగింది ఒక ప్రశ్న. ఇచ్చింది ఒక యూనిఫాం. రచ్చబండ దగ్గర తేలినట్టే ఇక్కడా వాడెవరో వేరేవాళ్ళే తేల్చారు. అక్కడ అవమానంతో, ఇక్కడ ప్రేమతో. అంతే తేడా.

‘మనం’ అన్న బాల్యం నుంచి ‘మేము’ అన్న పెద్దరికంలోకి వాడు ఒక్క అడుగులో వచ్చేశాడు. మధ్యలో ఒక మాట ఉండాలి. ‘నేను’. ఆ మాట పలికే వ్యవధి వాడికి ఎవరూ ఇవ్వలేదు. నేను అనకుండా మేము అన్నవాడి గొంతు పెద్దగానే ఉంటుంది. లోపల మాత్రం ఎవరూ ఉండరు.

దీనికి ఎదురు ప్రశ్న మాకు తెలుసు. మావాళ్ళే అడుగుతారు. ఇల్లు తగలబడుతుంటే పిల్లల్ని ప్రశ్నలడగమంటారా? ముందు అందరూ ఒక్కటిగా నిలబడాలి కదా? ఇప్పుడు పిల్లలకు నేను, నాది అని నేర్పితే చెల్లాచెదురైపోరా? బరువైన ప్రశ్నే. మెజారిటీ ఇంటి కుర్రాడు దేవుడు లేడంటే, వయసు పొగరన్నా అంటారు, నాస్తికుడన్నా అంటారు. వాడి జాతి మొత్తాన్ని అనరు. మా కుర్రాడు గడ్డం పెంచినా తీసేసినా అది జాతి మొత్తానికి లెక్క. అందుకే మా పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని మేం వెక్కిరించం.

కానీ పొన్నెకల్లు గుర్తు చేసుకుందాం. ఈ గుంటూరు జిల్లాలోనే, తాడికొండ దగ్గర. 1920లో అక్కడొక దూదేకుల ఇంట షేక్ నాజర్ పుట్టాడు. చిన్నతనంలోనే నాటకాల్లోకి పోయి ఆడవేషాలు కట్టాడు. కడుపు కోసం తిరిగాడు. కమ్యూనిస్టు ఉద్యమంలోకొచ్చి బుర్రకథ చేతబట్టాడు. పల్నాటి యుద్ధం చెబితే జనం తెల్లవార్లూ కదల్లేదు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయాడు. తన జీవితం చెప్పుకున్న పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరు ‘పింజారి’. ఏ మాటతో బడిలో మా పిల్లల్ని ఏడిపిస్తారో ఆ మాటే. ఆయన దాన్ని దాచుకోలేదు, కడిగేసుకోలేదు, మార్చుకోలేదు. అట్ట మీద వేయించాడు. ఆ పేరు ఆయనకు పుట్టుకతో వచ్చిందే. కానీ లోకం తిరిగి, పది వేషాలు కట్టి, విప్పి, చివరికి తన చేత్తో తీసుకున్నప్పుడే అది ఆయన పేరయింది. అట్లా తిరిగినందువల్ల జాతికి నష్టం జరిగిందా? దూదేకులవాళ్ళం తలెత్తుకుని చెప్పుకునే మొదటి పేరు ఆయనదే.

మా సంప్రదాయంలోనే దీనికి దారి ఉంది. ఫిఖ్‌లో ఖియారుల్ బులూగ్ అని ఒక హక్కుంది. పసితనంలో సంరక్షకుడు నికా చేసేస్తే, ఆ బిడ్డ బాలిగ్ అయ్యాక ఆ నికా తనకు సమ్మతం కాదనే హక్కు. పాత హనఫీ పద్ధతిలో తండ్రో తాతో చేసిన నికాకి ఈ హక్కు మామూలుగా వర్తించేది కాదు. వాళ్ళు బిడ్డకు చెడు తలపెట్టరన్న నమ్మకం. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ అడ్డు తీసేసింది. పదిహేనేళ్ళు నిండకముందు తండ్రి చేసిన నికా అయినా సరే, కాపురం మొదలు కాకపోతే, పద్దెనిమిది నిండేలోపు ఆ అమ్మాయి కాదనవచ్చు. పదిహేనుకీ పద్దెనిమిదికీ మధ్య. సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న వయసు. ప్రేమించే తండ్రి చేసిన నిర్ణయమైనా, బిడ్డ పేరు మీద చేసింది గనక బిడ్డను అడగాలని చట్టం ఒప్పుకుంది.

ఒక్క నికాకేనా ఇది? పుట్టినప్పుడు మా చెవిలో అజాన్ చెప్పారు. పేరు పెట్టారు. ఖత్నా చేశారు. కులం గడి నింపారు. అన్నీ మా మేలుకోరే చేశారు. వీటిని తప్పనడం లేదు. ఏ మతంలో పుట్టినా, ఏ భాషలో పుట్టినా పిల్లవాడి తరఫున పెద్దవాళ్ళే మొదట జవాబు చెబుతారు. చెప్పక తప్పదు. కానీ ఒక వయసొచ్చాక ఒక్కసారైనా అడగాలి కదా. ఇది నీకు ఖబూలేనా?

అడిగితే కాదంటాడేమోనని భయం. అననీండి, కొన్నాళ్ళు. అడగకుండా ఔననిపించింది నిలబడుతుందా? నియ్యత్ లేని నమాజు నమాజు కాదని మొదటి పాఠంలోనే నేర్పుతారు. పెదవులు కదిలినా, నడుం వంగినా లెక్కకు రాదు. నమాజుకే నియ్యత్ కావాలంటే ముసల్మానుగా ఉండటానికి అక్కర్లేదా?

బక్రీద్‌కి ఏటా ఇబ్రహీం అలైహిస్సలాం కథ చెప్పుకుంటాం. తండ్రిగా చెప్పుకుంటాం. కొడుకుగా కూడా ఆయన కథ ఖురాన్‌లో ఉంది. కుర్రతనంలో తండ్రి కొలిచే విగ్రహాలను ప్రశ్నించాడు. నక్షత్రం దేవుడేమో అన్నాడు, అది కుంకింది. చంద్రుడేమో అన్నాడు, అదీ కుంకింది. సూర్యుడేమో అన్నాడు. ఒక్కోటీ అనుకుని, ఒక్కోటీ వదులుకుని, అప్పుడు చేరాడు. అడిగే కుర్రాడు మా ఇంటికి పరాయివాడెలా అవుతాడు? మా ఇల్లు కట్టిందే అట్లాంటి కుర్రాడు. ఆ తర్వాత తను తండ్రయి, కలలో హుకుం వచ్చి, కొడుకుని తీసుకుని బయల్దేరినప్పుడు ఏం చేశాడు? కత్తి తీసే ముందు కొడుకుతో తన కల చెప్పి, నువ్వేమంటావు అని అడిగాడు. అల్లా ఆజ్ఞ ముందున్నా, కొడుకుని అడిగాడు. మౌల్వీగారు ఏటా ఈదుకి త్యాగం గురించి చెబుతారు. ఆ అడగడం గురించి కూడా ఒక ఈదు చెబితే బాగుండును.

అడగకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూశాం. 2022లో కర్ణాటకలో ఇంటర్ చదివే అమ్మాయిలను హిజాబ్ ఉందని కాలేజీ గేటు దగ్గర ఆపారు. దేశమంతా వాదించింది. మార్చిలో హైకోర్టు, హిజాబ్ ఇస్లాంకి అత్యవసరమా కాదా అని చూసి, కాదంది. మావాళ్ళు అత్యవసరమేనన్నారు. ఇటూ అటూ మగవాళ్ళే ఆమె గుడ్డను చెరోవైపు పట్టుకున్నారు. అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులిచ్చారు. జస్టిస్ సుధాంశు ధూలియా మాత్రం మతగ్రంథాల జోలికి పోలేదు. ఇది ఆ అమ్మాయి ఎంపిక, అన్నిటికంటే ముందు ఆమె చదువు అన్నారు. అంతటి రభసలో ఆమెకు ఒక మనసుందని గుర్తొచ్చింది ఆయనకు. తీసెయ్యమన్నవాళ్ళనూ వేసుకోమన్నవాళ్ళనూ మేం అడిగేది ఒక్కటే. గేటు లోపలికి పోనిచ్చి ఉంటే, చదువుకుని, నలుగురిని చూసి, ఉంచుకోవాలో తియ్యాలో ఆమే తేల్చుకునేది కదా. ఆ నాలుగేళ్ళ గడువే మీరు ఆమె దగ్గర లాక్కున్నది.

కాబట్టి మేం మా ఇళ్ళనుంచే మొదలుపెట్టాలి. కొత్త సంఘం అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు. కుర్రాడు పీర్ల పండగ ఎందుకు మానేశామని అడిగితే కసరకుండా కూర్చోబెట్టి చెప్పాలి. మా తాతలు చేశారు, మేం మానేశాం, కారణం ఇదీ, నువ్వు ఆలోచించుకో అనాలి. పిల్ల తెనాలి కాలేజీలో చేరతానంటే వసారాలోకి పిలిచి, పెద్దమనిషిలాగా పీటేసి కూర్చోబెట్టి మాట్లాడాలి. షెడ్డుకి పంపక తప్పకపోతే, సాయంత్రం చదువు మిగిలేట్టు చూడాలి. వాడు ఈ ఏడు ఒకటి చెప్పి పై ఏడు మరోటి చెబితే, మాట మార్చాడనకూడదు. వెతుకుతున్నాడనుకోవాలి.

పక్కింటి బాబాయికీ ఒక మాట. మా కుర్రాణ్ణి మ్యాచ్ అప్పుడు ‘మీవోడు’ అనకండి. వాడెవరివాడో వాడే ఇంకా తేల్చుకోలేదు. మీ అబ్బాయీ తేల్చుకోలేదు. మీ అబ్బాయికి మీరిచ్చిన గడువు మావాడికీ ఇవ్వండి. మేం అడిగే సమానత్వంలో ఇదీ ఒక భాగం.

2009 అక్టోబర్‌లోనూ 2024 సెప్టెంబర్‌లోనూ కృష్ణకి పెద్ద వరదొచ్చింది. రెండుసార్లూ ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. కొల్లిపర మండలం లంకల్లో అరటి, పసుపు, కంద మునిగిపోయాయి. వరదకి జనం కరకట్ట ఎక్కి నీళ్ళవంక చూసే వేళ ఎవరి నోట విన్నా ఒకటే మాట. మన పొలాలు, మన గొడ్లు, మన ఊరు. నీళ్ళు తీశాక ఎవరి ‘మేము’లోకి వాళ్ళు దిగిపోతారు. ఏడేళ్ళప్పుడు తెలియక అన్న ‘మనం’ ఎటూ తిరిగి రాదు. ప్రాణభయంతో కట్ట మీద అన్న ‘మనం’ ఎక్కువ రోజులుండదు. ‘నేను’ అని ఒకసారి నిబ్బరంగా అనగలిగిన పిల్లలు పెద్దయి, తెలిసి, ఎంచుకుని అనే ‘మనం’ ఒకటుంది. దాన్ని మేమింకా వినలేదు. మా పిల్లల నోట వినాలని ఉంది. అందుకు ముందు వాళ్ళను మేం అడగాలి.